అరుగు మీద మంచం

గడపకు పసుపు రాయడం సుధామణికి అత్తగారు మాణిక్యమ్మే నేర్పింది. పసుపు పలచనైతే ఎండగానే పొలుసులుగా లేచిపోతుంది, చిక్కనైతే కాలికి అంటుకుని ఇల్లంతా తిరుగుతుంది. మూడు వేళ్ళతో, లోపలి అంచు నుంచి వీధి అంచుకు, మధ్యలో చెయ్యి ఎత్తకుండా రాయాలి. పెళ్ళయి కంకిపాడు వచ్చినప్పటి నుంచీ ప్రతి శుక్రవారమూ అలాగే రాస్తోంది. ఈ శుక్రవారం మాత్రం మధ్యలోనే చెయ్యి ఎత్తింది. లోపల అత్తగారి మూలుగు అరుగు దాకా వినిపిస్తోందా అని చెవి పెట్టింది.

వినిపిస్తోంది. అరుగు మీద నులకమంచంలో కూర్చున్న మరిది నాగబాబు కిటికీ ఊచల వైపు తల తిప్పి ఉన్నాడు.

“అమ్మ బిళ్ళలు ఈపాటికి అయిపోయి ఉండాలి కదా వదినా. ఇవాళ విజయవాడ లోడుంది. ఆసుపత్రిలో తీసుకురానా?”

“ఇంకా ఉన్నాయిలే.”

“ఎట్టా ఉంటాయి?”

సుధామణి పసుపు గిన్నెలోకి చూసింది. “ఉన్నాయంటున్నానుగా. వచ్చేవారం చూద్దాం.”

నాగబాబు మంచం దిగాడు. ఆమె తెచ్చిన కాఫీ గ్లాసును గడప అవతల నిలబడే అందుకున్నాడు. తాగాక గ్లాసు కడిగి అరుగు చివర బోర్లించి, సందులో ఉన్న కుళాయి దగ్గరకు స్నానానికి వెళ్ళాడు. అతను చేపల వ్యాను నడుపుతాడు. చెరువుల దగ్గర పట్టుబడి అయిన చేపను ఐసు పెట్టెల్లో సర్దించి విజయవాడకు చేరుస్తాడు. సాయంత్రం వ్యాను ఐసు ఫ్యాక్టరీ దగ్గర వదిలేసి, తాగి, నడుచుకుంటూ వచ్చి అరుగు మీద పడుకుంటాడు.

తాగినవాడు గడప దాటకూడదు. అది సారా ఉద్యమం రోజుల్లో మాణిక్యమ్మ పెట్టిన కట్టు. వీధి వీధికీ తిరిగి, ఇంటింటి గడపకూ పసుపు రాయించి, ఆడవాళ్ళ చేత చెయ్యి వేయించి ఒట్టు పెట్టించింది. మిగతా ఇళ్ళలో ఆ ఒట్టు ఎప్పుడు జారిపోయిందో ఎవరికీ తెలియదు. ఈ ఇంట్లో నిలిచింది. పొద్దున పూట నాగబాబు తాగి ఉండడు, లోపలికి వస్తే ఎవరూ అడ్డుచెప్పరు. కానీ ఎప్పటినుంచో తనే రావడం మానేశాడు. మాణిక్యమ్మ తిరుగుతున్నన్నాళ్ళూ తనే అరుగు మీదికి వచ్చి కొడుకు పక్కన కూర్చునేది. రొమ్ములో మొదలైన జబ్బు వెన్నులోకి దిగి ఆమె మంచం పట్టాక, తల్లీ కొడుకుల మాటలు కిటికీ ఊచల్లోంచే.

సుధామణి చెయ్యి కడుక్కుని వంటింట్లోకి వెళ్ళింది. కందిపప్పు డబ్బాలో చెయ్యి పెట్టి, పప్పు కింద నుంచి బిళ్ళల షీటు తీసింది. తెల్లటి చిన్న బిళ్ళను అడకత్తెర మధ్య పెట్టి, వక్కను కత్తిరించినట్టు నెమ్మదిగా నొక్కింది. సగం అరచేతిలోకి వచ్చింది, సగం గిన్నెలోకి ఎగిరింది.

“నాలుగు గంటలకొకటి వెయ్యండమ్మా. నొప్పి వచ్చేదాకా ఆగొద్దు,” అన్నాడు విజయవాడ డాక్టరు. మార్ఫిన్ అని పేరు కూడా చెప్పాడు. ఆ పేరు వినగానే సుధామణికి టీవీలో ముసుగులు వేసి నిలబెట్టే కుర్రాళ్ళు గుర్తొచ్చారు. కంకిపాడులో మందుల షాపులవాళ్ళు చీటీ చూడగానే, అటూ ఇటూ చూసి, మడిచి వెనక్కి ఇచ్చేశారు. భర్త తిరుపతిరావు ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో షిఫ్టు డ్యూటీ. “డాక్టరు చెప్పినట్టు వెయ్యి,” అని బ్యాగు భుజాన వేసుకుని బస్సెక్కాడు. వేసే చెయ్యి మాత్రం తనది.

మాణిక్యమ్మ నోరు తెరిచింది. సగం బిళ్ళ నాలిక మీద పడగానే ఆమె కళ్ళు ఒకసారి కోడలి మొహం మీద నిలిచాయి. నీళ్ళు మింగింది.

“తగ్గుతుంది అత్తయ్యా,” అంది సుధామణి.

“ఊఁ,” అంది మాణిక్యమ్మ.

శనివారం మధ్యాహ్నం ఎదురింటి సంపూర్ణమ్మ, ఏంజెల్ మేడమ్‌ని వెంటబెట్టుకుని వచ్చింది. ఏంజెల్ మేడమ్ సుధామణి కూతురు భానుశ్రీ చదివే డిగ్రీ కాలేజీలో లెక్చరర్. వీధిలో వాళ్ళ గొంతులు వినగానే సుధామణి గబగబా లోపలికి వెళ్ళి అత్తగారి వీపు వెనక దిండ్లు పెట్టి కూర్చోబెట్టింది. లేపుతున్నప్పుడు మాణిక్యమ్మ పైటకొంగు ఉండ చుట్టి పళ్ళ మధ్య పెట్టుకుంది. వాళ్ళు గదిలోకి వచ్చేసరికి కొంగు తీసి ఒళ్ళో వేసుకుని, తడిసిన చోటును అరచేత్తో కప్పింది.

“సోమవారం మా కాలేజీలో వక్తృత్వ పోటీ అండీ,” అంది ఏంజెల్ మేడమ్. “మత్తుమందులను పూర్తిగా నిషేధించాలా, ప్రభుత్వ అదుపులో అనుమతించాలా అని. మీరు వేదిక మీద కూర్చుంటే చాలు. పిల్లలు మిమ్మల్ని చూడాలి.”

“చూడ్డానికేముంది నాలో. ముదిరి ఎండిపోయిన బెండకాయలా ఉన్నా.”

“అవేం మాటలక్కా,” అని సంపూర్ణమ్మ మంచం కోడు పట్టుకుని కింద కూర్చుంది. “సారా ప్యాకెట్ల బస్తా నడివీధిలో పోయించి తొక్కించిన మనిషివి. ఆ నీళ్ళు నాకి మా దూడ రెండు రోజులు తూలింది మేడమ్. ఈవిడేమో, దాన్ని కూడా ఇంట్లోకి రానీకు సంపూర్ణం, అంది.”

అందరూ నవ్వారు. మాణిక్యమ్మ కూడా నవ్వబోయి, సగంలో ఆగి, ఊపిరి బిగబట్టింది.

“మా పిల్ల ఏ పక్షం మేడమ్?” అడిగింది సుధామణి.

“అనుమతి పక్షం అండీ.”

సుధామణి మొహం వేడెక్కింది. “అయ్యో. ఈ ఇంటి పిల్ల లేచి నిలబడి అమ్ముకోనివ్వండి అంటే ఏం బాగుంటుందండీ? మార్చడానికి కుదరదా?”

“చీటీలు తీయించామండీ. అందరం ఒకే మాట చెప్పుకుంటే అది పోటీ కాదు కదా, ప్రార్థన అవుతుంది.”

సంపూర్ణమ్మ మాణిక్యమ్మ పాదాలు పట్టుకు చూస్తోంది. “ఏం మందులు వాడుతున్నావమ్మాయ్? మనిషి బాగా వడిలిపోయింది. నిద్రన్నా పడుతుందా?”

“గ్యాసు బిళ్ళలు పిన్నిగారూ. నిద్రపోయే ముందు ఒకటి వేస్తే సర్దుకుంటుంది,” అంది సుధామణి. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. తన గొంతు తనకే నమ్మకంగా వినిపించింది. ఏ గ్యాసు బిళ్ళలు అని సంపూర్ణమ్మ అడిగితే పేరు కూడా చెప్పింది.

మాణిక్యమ్మ కోడలి వైపు చూడలేదు. అరచెయ్యి కింద ఉన్న కొంగు వైపు చూసుకుంది.

“ఇంతకీ వస్తారాండీ?” అంది ఏంజెల్ మేడమ్.

“వస్తారండీ. ఎందుకు రారు?” అంది సుధామణి, మాణిక్యమ్మ నోరు తెరవకముందే.

ఆదివారం భానుశ్రీ నానమ్మ మంచం ముందు నిలబడి తన ప్రసంగం చెప్పుకుంటోంది. చేతులెలా ఊపాలో తెలియక దువ్వెన పట్టుకుంది. సుధామణి పక్క గదిలో బట్టలు మడతపెడుతూ వింటోంది.

“నిషేధించిన సరుకు మాయమవదు, చాటుకు వెళ్తుంది. చాటున దాంట్లో ఏం కలుపుతారో అడిగేవాడు ఉండడు. ఒంటి మీదికి వచ్చినప్పుడు కూడా, పట్టుకుంటారేమోనన్న భయంతో, తాగినవాడు ఆసుపత్రికి రాడు.”

“ఆ చివరి ముక్క మళ్ళీ చెప్పు,” అంది మాణిక్యమ్మ.

భానుశ్రీ మళ్ళీ చెప్పింది.

“అవతలివాళ్ళు ఏమంటారు దీనికి?”

“వాళ్ళా? ప్రభుత్వమే అమ్మితే పిల్లలకి తప్పన్న భయం పోద్దంటారు. ఇప్పుడు దొరక్క ఊరుకున్నవాళ్ళు కూడా మొదలెడతారంటారు. ఒకసారి ఆదాయం మరిగితే ఏ ప్రభుత్వమూ వదల్దంటారు.”

“అదీ నిజమే.”

“నానమ్మా, రెండూ నిజమంటే ఎట్టా? బహుమతి ఒకరికే ఇస్తారు.”

నొప్పి వచ్చి పోయేదాకా మాణిక్యమ్మ ఆగిందని సుధామణికి అర్థమైంది. మడత పెడుతున్న తువ్వాలు చేతిలోనే ఉంది.

“సారా ఆగిన ఏడాది ఈ వీధిలో ఆడవాళ్ళ ఒంటి మీద దెబ్బల్లేవు. అది నా కళ్ళతో చూశా. అది అబద్ధమని ఎవడన్నా అంటే ఊరుకోను,” అంది మాణిక్యమ్మ. “ఆ మరుసటేడు కాలవగట్టున ఎవడో కాచింది తాగి మనూరి నతానియేలు కళ్ళు మసకలేసినయ్. అదీ చూశా. వాళ్ళావిడ రిక్షా తెస్తే ఎక్కలేదు. ఆసుపత్రికి పోతే మాణిక్యమ్మకి తెలుసుద్ది, వీధిలో నిలబెట్టుద్ది అన్నాడంట. నేనప్పుడు పక్క వీధిలోనే ఉన్నా. మీటింగులో. పొద్దున్నకి రెండు కళ్ళూ పోయినయ్.”

“నువ్వేం చేస్తావు నానమ్మా దానికి?”

“నేనేం చెయ్యలా. అదే చెప్తున్నా. నా భయానికి గుడ్డివాడయ్యాడు,” అని ఆమె కళ్ళు మూసుకుంది. “నీకు పనికొస్తే చెప్పుకో. పేరు చెప్పకు. వాళ్ళ పిల్లలున్నారు.”

సుధామణి లేచి గుమ్మంలోకి వచ్చింది. “ఇక చాల్లేవే. నానమ్మని పడుకోనీ. వెళ్ళి పప్పు కడిగి పొయ్యి మీద పెట్టు.”

అన్నాక గానీ గుర్తు రాలేదు. ఆమె వంటింట్లోకి పరిగెత్తేసరికి భానుశ్రీ కందిపప్పు డబ్బా ముందు నిలబడి ఉంది. ఒక చేతిలో బిళ్ళల షీటు, రెండో చేతిలో సగం బిళ్ళలు పెట్టుకున్న కుంకుమ భరిణె.

“ఇవేంటమ్మా?”

“మెల్లగా మాట్లాడు.”

“నానమ్మకి రోజుకెన్ని వేస్తున్నావు?”

“రాత్రికి సగం. మరీ ఓర్చుకోలేకపోతే పొద్దున ఇంకో సగం.”

“డాక్టరు నాలుగు గంటలకొకటి అన్నాడు కదా.”

“ఆయనకేం, విజయవాడలో ఉంటాడు. రేపు అలవాటు పడితే? మాణిక్యమ్మ మత్తుమందు లేకుండా ఉండలేకపోతోందంట అని ఊరంతా అనుకుంటే ఆవిడ పరువేమవుద్ది? మీ బాబాయిని గడప దాటనివ్వని మనిషి.”

“అమ్మా, ఆవిడకి ఎనభై దగ్గరకొస్తున్నాయి. అలవాటు పడితే మాత్రం ఎన్నాళ్ళు పడుద్ది?”

సుధామణి షీటు కూతురి చేతిలోంచి తీసుకుని పప్పు కింద పెట్టి, పైన పప్పు సర్దింది. సర్దుతూ, “రేపు సభ అయిపోనీ,” అంది. “ఎల్లుండి నుంచి డాక్టరు చెప్పినట్టే వేస్తా. వేదిక మీద తూలుతూ కూర్చుంటే ఎంత అసయ్యంగా ఉంటుంది, నువ్వే చెప్పు.”

“రేపు పొద్దున అసలు వెయ్యవా?”

“వేస్తాలే,” అంది సుధామణి.

వెయ్యలేదు. సోమవారం భానుశ్రీ సైకిలెక్కి ముందే వెళ్ళిపోయింది. సుధామణి వేడినీళ్ళలో గుడ్డ ముంచి అత్తగారి ఒళ్ళు తుడిచి, జాకెట్టు తొడిగి, సన్న అంచున్న తెల్ల చీర కట్టింది. కుచ్చెళ్ళు నిలవడం లేదు. నడుం చుట్టూ చీర బిగిస్తుంటే మాణిక్యమ్మ గోడకు చెయ్యి ఆనించి నిలబడింది. ఆ చేతి వేళ్ళ కొసలు తెల్లబడ్డాయి. ఆమె ఓర్చుకుంటోందని సుధామణికి తెలుసు. ఓర్చుకోగలదు, మొదటినుంచీ గట్టి మనిషి, అనుకుంది. గంటసేపు. రెండు గంటలు.

పిలవడానికి నలుగురు వస్తారని గడపకు మళ్ళీ పసుపు రాసింది. ఇంకా తడి ఆరలేదు.

వాకిట్లో ఆటో ఆగింది. సంపూర్ణమ్మ పట్టుచీర కట్టుకుని, చేతిలో కనకాంబరాల పొట్లంతో అప్పటికే ఆటో పక్కన నిలబడి ఉంది. పొద్దుటి లోడు దించి వచ్చిన నాగబాబు, చొక్కాకు ఇంకా ఐసు తడి ఉండగానే, తన మంచం మీద కూర్చుని బీడీ వెలిగించబోతున్నాడు. తల్లి గుమ్మంలోకి రావడం చూసి అగ్గిపెట్టె జేబులో పెట్టుకుని లేచాడు.

“కుడికాలు పైకెత్తండి అత్తయ్యా. ఒక్క గడప దాటితే ఆటోనే.”

మాణిక్యమ్మ ఒక చేత్తో ద్వారబంధం పట్టుకుంది. కాలు జానెడు లేచింది. గడప మీదికి రాలేదు. మళ్ళీ ఎత్తింది. ఆమె నడుములోంచి ఏదో తెగినట్టు ఒళ్ళంతా ఒకసారి ఊగింది. గొంతులోంచి వచ్చిన శబ్దం మనిషిది కాదనిపించింది. సుధామణి ఆమెను రెండు చేతులా పట్టుకునే లోపల చీర కింద నుంచి సన్నగా ధార జారింది. ఆరని పసుపు కరిగి, గడప మీద నుంచి వీధివైపు అరుగు మెట్ల మీదికి పచ్చగా పారింది.

ఆటో అబ్బాయి మొహం అటు తిప్పుకున్నాడు.

సుధామణికి మొదట తట్టిన మాట, అందరూ చూస్తున్నారు, అని. ఆ మాట తట్టినందుకు ఆమె తరువాత చాలాసార్లు కుమిలిపోయింది.

“బిళ్ళ ఇయ్యి సుధా,” అంది మాణిక్యమ్మ.

“లోపలికి రండి అత్తయ్యా. బట్టలు మార్చి, లోపల వేస్తాను.”

“లోపలొద్దు. మత్తు తీసుకున్నవాళ్ళ చోటు అరుగు మీద. నేను పెట్టిన కట్టేగా.” ఊపిరి కోసం ఆగింది. “మొత్తం బిళ్ళ ఇయ్యి. సగం బిళ్ళ అంచు నాలికకి గరుగ్గా తగులుద్ది. నాకు తెలవదనుకున్నావా?”

నాగబాబు మంచం మీద నుంచి తన దిండూ, మాసిన చొక్కాలూ తీసి కింద పడేశాడు. దుప్పటి తిరగేసి పరిచాడు. గడప బయటే నిలబడి, రెండు చేతులూ లోపలికి చాపి, తల్లిని చంటిపిల్లను అందుకున్నట్టు అందుకుని మంచం మీద పడుకోబెట్టాడు. సుధామణి వంటింట్లోకి వెళ్ళింది. పప్పు డబ్బా బోర్లా తిప్పింది. పప్పు నేల మీద చెదిరిపోయినా చూడకుండా షీటు తీసుకుని వచ్చింది. గడప ఇవతల ఆగబోయి, ఆగకుండా, ఆ తడి మీదుగా అడుగువేసి అరుగు మీదికి వచ్చింది.

సంపూర్ణమ్మ మెట్లెక్కి వచ్చింది. “అదేం బిళ్ళ?”

సుధామణి నోరు తెరిచింది. గ్యాసు అన్న మాట నాలిక మీద సిద్ధంగా ఉంది.

“నల్లమందు,” అంది మాణిక్యమ్మ. “అందులోంచి తీసిన మందంట. ఆసుపత్రిలో చీటీ మీద ఇచ్చారు. కోడల్నేం అనకు సంపూర్ణం. ఇది సగం ఇస్తంటే నేనూ ఊరుకున్నా. ‘కొంచెం చాలు మాణిక్యమ్మా, ఈ ఒక్కపూటకి’ అని నా కాళ్ళు పట్టుకున్నవాళ్ళని చూశా. నవ్వా కూడా. వాళ్ళ మాట నా నోట్లోంచి ఎట్టా వచ్చుద్ది?”

బిళ్ళ వేసుకుని నీళ్ళు తాగింది. వీధిలో పాలవాడు సైకిలు నెమ్మది చేసి చూసి వెళ్ళాడు. ఆమె మొహం తిప్పుకోలేదు.

సంపూర్ణమ్మ ఆటోను పంపించేసింది. వెళ్ళిపోతుందనుకుంటే, సుధామణి చెయ్యి పట్టుకుని సందులోకి లాక్కెళ్ళింది. ఆవిడ గొంతు బాగా తగ్గించింది.

“అది ఎక్కడ దొరుకుద్దమ్మాయ్?”

“ఎవరికి పిన్నిగారూ?”

“ఉయ్యూరులో మా చెల్లెలికి. దానికీ ఇదే జబ్బు. ఊళ్ళో చెప్పుకోలా. మూడు నెలల్నుంచి నోట్లో గుడ్డ పెట్టుకునే పడుకుంటంది.” సంపూర్ణమ్మ కనకాంబరాల పొట్లాన్ని వేళ్ళతో నలుపుతోంది. “మొన్న నువ్వు చెప్పావు గదా, గ్యాసు బిళ్ళలు వేస్తే అక్కకి సర్దుకుంటందని. అవే కొని పంపించా. రెండు రోజుల్నుంచి, అవి వేసినా తగ్గట్లేదే, నాకు మాత్రం ఎందుకు పనిచెయ్యట్లేదు, అని ఏడుస్తందంట.”

సుధామణి కుళాయి పట్టుకుంది. చల్లటి ఇనుము. ఏదో చెప్పాలి. ఏం చెప్పినా ఆ రెండు రోజులు వెనక్కి రావు.

“నేను అబద్ధం చెప్పాను పిన్నిగారూ.”

“తెలిసిందిలే,” అంది సంపూర్ణమ్మ. కోపంగా అనలేదు. “ఆ ఆసుపత్రి పేరు నాగబాబుని అడుగుతా.”

ఆవిడ వెళ్ళాక సుధామణి బకెట్టు నింపుకుని వచ్చి గడప కడిగింది. పీచు పెట్టి తోమింది. పసుపు మొత్తం పోయి, కింద పాత టేకు చెక్క బయటపడింది. ఇన్నేళ్ళ పసుపుకు చెక్క నరాలు పచ్చగానే మిగిలాయి గానీ, మిగతాదంతా ఉత్త కొయ్య.

మధ్యాహ్నం దాకా మాణిక్యమ్మ నిద్రపోయింది. నోరు కొద్దిగా తెరుచుకుని, చేతులు వదిలేసి, చెంప మీద ఈగ వాలినా తెలియనంత నిద్ర. ఈగలు తోలుతూ కూర్చున్న నాగబాబు, “అమ్మ ఇట్టా పడుకోగా చూసి ఎన్నాళ్ళయింది,” అన్నాడు. తరువాత, వదిన వైపు చూడకుండా, “రాత్రిళ్ళు మీరు వెనక గదిలో ఫ్యానేసుకుని పడుకుంటారు. ఆ మూలుగు మీకు వినపడదులే,” అన్నాడు. తప్పు పట్టినట్టు అనలేదు. ఆమెను వెనకేసుకొచ్చినట్టే అన్నాడు. సుధామణి విసనకర్ర అందుకుంది. అతను లేచి సాయంత్రపు లోడుకు వెళ్ళాడు.

వేళకు ఇంకో బిళ్ళ తెచ్చి ఇచ్చింది. పొద్దున నాగబాబు కాఫీ గ్లాసు లాగానే అదీ గడప దాటి అరుగు మీదికి వచ్చింది. దారిన పోయేవాళ్ళు ఆగి, “ఏమ్మా, బయట పడుకున్నావు?” అని అడిగితే, మెలకువగా ఉన్నప్పుడు మాణిక్యమ్మే చెప్పింది. కొందరు కూర్చున్నారు. కొందరు పని ఉందని వెళ్ళిపోయారు.

భానుశ్రీ సాయంత్రం వచ్చింది. సైకిలు అరుగుకు ఆనించి, నానమ్మ కాళ్ళ దగ్గర కూర్చుంది.

“నేనెందుకు రాలేదో చెప్పావా?” అంది మాణిక్యమ్మ.

“బాబాయి ఫోన్ చేశాడుగా. చెప్పాను. మా నానమ్మ మార్ఫిన్ బిళ్ళ వేసుకుని అరుగు మీద పడుకుంది, అందుకే ఆ కుర్చీ ఖాళీగా ఉంది, అన్నాను.”

సుధామణి చేతిలో విసనకర్ర ఆగింది.

“చప్పట్లు కొట్టారా?” అంది మాణిక్యమ్మ.

“లేదు. ఎవరూ కదల్లా. నేను తర్వాత చెప్పాల్సింది కూడా మర్చిపోయా. అవతలి పక్షం అమ్మాయికి వచ్చింది బహుమతి.”

“బాగా చెప్పి ఉంటదిలే.”

“బాగానే చెప్పింది నానమ్మా. వాళ్ళన్న గురించి చెప్పింది. గంజాయికి అలవాటు పడి ఇంట్లోంచి పోయాడంట.” భానుశ్రీ నానమ్మ పాదం మీద వేలితో గీస్తూ కూర్చుంది. “కిందికొచ్చాక ఇద్దరం కలిసి సమోసా తిన్నాం.”

దీపాల వేళకు మబ్బు పట్టింది. నారుమళ్ళ మీదుగా గాలి చల్లగా తిరిగి, ఉన్నట్టుండి చినుకులు మొదలయ్యాయి. కరెంటు పోయింది. అరుగు చూరు చిన్నది. జల్లు ఏటవాలుగా మంచం కోళ్ళ దాకా వచ్చింది. భానుశ్రీ దుప్పటి లాగి నానమ్మ కాళ్ళ మీద కప్పింది. సుధామణి గొడుగు పట్టుకుని నిలబడింది గానీ, గాలికి అది నిలవడం లేదు.

ఆ వానలోనే నాగబాబు వచ్చాడు. ఐసు ఫ్యాక్టరీ దగ్గర నుంచి, రోజూ వచ్చేలాగే. మెట్లు ఎక్కకుండా కింద నిలబడ్డాడు. తన మంచం మీద తల్లి ఉన్న సంగతి మరిచిపోయినట్టు కాసేపు చూశాడు.

“లోపలికి తీసుకురా నాగబాబూ,” అంది సుధామణి.

“తాగొచ్చా వదినా.”

“తెలుసు. అత్తయ్యను ఎత్తుకుని లోపలికి రా.”

అతను మెట్లెక్కాడు. వాసన వచ్చింది. వంగి, ఒక చెయ్యి తల్లి మెడ కిందా ఇంకోటి మోకాళ్ళ కిందా పెట్టి లేపాడు. సుధామణి పట్టుకోబోయింది గానీ అతను తూలలేదు. గుమ్మం దాకా వచ్చి ఆగాడు. జల్లు అతని వీపు మీద కొడుతోంది.

మాణిక్యమ్మ కళ్ళు తెరిచింది. “ఏంట్రా, మోసుకుని నిలబడ్డావు? బరువా?”

“గడప,” అన్నాడు నాగబాబు.

ఆమె తల వంచి కిందికి చూసింది. కడిగిన కొయ్య మీద వాన చినుకులు పడుతున్నాయి. ఆమె ఆ కొయ్యను చాలాసేపు చూసింది. ఆమె ఏమంటుందోనని సుధామణి ఎదురుచూసింది.

“ఇద్దరమూ తడిసిపోతున్నాం,” అంది మాణిక్యమ్మ. “పద.”

నాగబాబు కాలు ఎత్తి లోపల పెట్టాడు. రెండో కాలు కూడా పెట్టాక, ఎటు వెళ్ళాలో తెలియనట్టు చీకట్లో నిలబడ్డాడు. రెండడుగులు వేశాడు. తల్లికి తగలకుండా భుజం ముందుకు తిప్పి, దేనికో ధడాలున కొట్టుకున్నాడు. రేకు మోగింది.

“ఈ బీరువా ఎప్పుడొచ్చింది వదినా ఇక్కడికి?”

భానుశ్రీ బడిలో చేరిన ఏడు కొన్న బీరువా అది. సుధామణి ఫోన్ లైటు వెలిగించి, అతనికి ముందుగా, వెనక్కి వెనక్కి నడిచింది.

“కాస్త ఎడమకి రా,” అంది, కొత్తగా ఇంటికి వచ్చినవాళ్ళకు చెప్పినట్టు. “అక్కడ స్టూలుంది. ఇక్కడ చిన్న మెట్టు. చూసుకుని అడుగెయ్యి.”